తేట నీరంతా మంచినీరు కాదు

ఎల్.బి.నగర్: కృష్ణా జలాలు 2004లో సాహెబ్‌నగర్ మీదుగా నగరానికి చేరాయి. అయినా దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కాలనీల్లో బోర్ల వాడకం పోలేదు. ఇది పట్నం గొడవ కదా, మనకెందుకని పల్లెల వారు అనుకోవడానికి వీలులేదు. నగరపు మురుగును మోసుకుంటూ మూసీ నాగోలు దాటి వచ్చేది మన పొలాల మీదికే.

ఈ ప్రాంతమంతా నల్లరాయి, గట్టి గ్రానైటు నేల. నీరు పైనున్న మొరంలోనూ, కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. మరుగుదొడ్ల గుంతలు, మురుగు కాల్వల నుంచి దిగే నైట్రేటు ముందుగా పై నీటిని పాడు చేస్తుంది. అలాగని లోతుకు వెళితే మంచినీళ్లు పడతాయన్న నమ్మకమూ లేదు. రాతిలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరిగి ఉండవచ్చు. పక్కనున్న నల్గొండ జిల్లాలో ఈ పీడను ఏనాడో గుర్తించారు. ఇప్పటికీ బోరు ఎంత లోతైతే నీరు అంత మంచిదని వాదించేవారున్నారు!

భారత ప్రమాణాల ప్రకారం తాగే నీరు లీటరులో నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటరాదు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాముకు లోబడి ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. కరిగిన లవణాలు 500 లోపు మేలు. గత్యంతరం లేకపోతే 2000 దాకా. పప్పు ఉడకకపోతే, సబ్బు నురగ రాకపోతే నీరు కఠినమైనదని ఇంట్లో ఆడవారే చెప్పగలరు. నైట్రేటు, ఫ్లోరైడు మాత్రం కంటికీ నాలుకకూ అందవు. నీళ్లు కాచి తాగితే క్రిములు చస్తాయి గాని నైట్రేటు పోదు. నీరు ఆవిరైన కొద్దీ అది మరింత చిక్కబడుతుంది. పోతపాలు కలిపే పసిబిడ్డల తల్లులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. నైట్రేటు ఎక్కువైతే బిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేదు, ఒళ్లు నీలమవుతుంది.

పొలం లెక్క వేరు. బిడ్డకు చేటు చేసే నైట్రేటే పైరుకు ఎరువు. అలాంటి నీరు పారే చేలో యూరియా తగ్గించుకోవచ్చు. తగ్గించని రైతుకు డబ్బు దండగ, పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది కూడా. పొలానికి అసలు శత్రువు సోడియం. అది ఎక్కువైతే మట్టి బిగిసిపోయి నీరు ఇంకదు, నేల చౌడు బారుతుంది. జిప్సం, జీలుగ పచ్చిరొట్ట కొంత ఆదుకుంటాయి. నీటి విద్యుత్ వాహకత 2250 మైక్రోమోలు దాటితే మామూలు పైర్లకు ఆ నీరు తగదు.

అందుచేత పరీక్షకు ఇచ్చేటప్పుడు నీరు తాగడానికా, సాగుకా అన్నది ముందే చెప్పాలి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేయిస్తేనే తేడా తెలుస్తుంది. మోటారు కాసేపు నడిచాక అదే నీటితో సీసాను రెండు మూడుసార్లు తొలిచి నింపాలి. సీసా మీద ఊరు, బోరు లోతు, తేదీ రాసి, ఆలస్యం చేయకుండా ప్రయోగశాలకు చేర్చాలి. క్రిముల పరీక్షకైతే మాత్రం అక్కడ ఇచ్చే శుద్ధి చేసిన సీసానే వాడాలి, దాన్ని తొలవకూడదు.