ఉరుము చెప్పును, ఎండ చెప్పదు

వేసవి వచ్చినదనగా తెలుగునాట మాటలన్నియు మింటివైపునకే మరలును. రచ్చబండ కడనైనను, బస్సు ఆగు చోటనైనను, వినవచ్చు ప్రశ్న ఒక్కటే: వాన పడునా? వెనుకటి తరములవారు దీనికి సమాధానమును కార్తెలలో వెదకిరి. సూర్యుడు ఏ నక్షత్రమున నున్నాడో లెక్కించి, పదుమూడు పదునాలుగు దినముల కొక పేరు పెట్టి, రోహిణి ఎండలకు రోళ్లు పగులునని, మృగశిర ప్రవేశించిన నేల చల్లబడునని చెప్పుకొనిరి. నేటివారి చేతికి క్రొత్త సాధనములు వచ్చినవి. ఉపగ్రహచిత్రములు, రాడారు పటములు, గణకయంత్రములు వేసిన అంచనాలు అరచేతిలోని ఫోనులోనే కనబడుచున్నవి. వానిని చూచి, తర్కించి, నేటి సాయంకాలము నల్లమల అంచున ఉరుములని, వచ్చువారము వడగాడ్పులని ఒకరికొకరు చెప్పుకొను వాతావరణాభిమానులు పలుచోట్ల బయలుదేరినారు.

ఈ అభిరుచిని వృథాకాలక్షేపమని త్రోసివేయుట న్యాయము కాదు. భారత వాతావరణశాఖ 1875లో స్థాపితమైనది. దాని లెక్కలు చిరకాలము సామాన్య రైతునకు దూరముగనే యుండెడివి. వానిని ఇంటిభాషలోనికి దించిన పుణ్యములో ఈ అభిమానులకును వాటా కలదు. ఆంధ్రప్రదేశమునకు చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు సాయిప్రణీత్ వాతావరణ సమాచారమును పరిశీలించి రైతులకు స్థానికభాషలో తెలుపుచున్న విషయమును ప్రధానమంత్రి 2021 జూలై 25 నాటి ఆకాశవాణి ప్రసంగములో ప్రస్తావించుట అందరెరిగినదే. ఉద్యోగము వేరైనను ఆకాశమును చదువవచ్చునని ఇట్టివారు నిరూపించినారు. అయినను ఈ ముచ్చటలో ఒక లోపము కనబడుచున్నది. ఉరుమునకు దక్కుచున్న శ్రద్ధ ఎండకు దక్కుట లేదు. ఈ లోపము ఎంతటిదో యర్రగొండపాలెము వంటి ఊరిని దృష్టియందుంచుకొని ఆలోచించిన స్పష్టమగును.

యర్రగొండపాలెమునకు పడమట నల్లమల. సముద్రమో, తూర్పున నూరు కిలోమీటర్లకు పైగా దూరము. ఒంగోలు ప్రజలకు మధ్యాహ్నమున ఊరట నిచ్చు కడలిగాలి ఇచ్చటికి వచ్చులోపల తన చల్లదనమును దారిలోనే పోగొట్టుకొనును. 1970 ఫిబ్రవరి వరకును మార్కాపురము ప్రాంతము కర్నూలు జిల్లాలో నుండెను. ఆ సంవత్సరము ఒంగోలు జిల్లా ఏర్పడగా అందులో చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టినారు. ఆ విధముగా ఈ సీమ వాతావరణశాఖవారి లెక్కలో కోస్తా ఆంధ్ర ఉపవిభాగమునకు చెందినది. జిల్లా మారినది కాని ఎండ మారలేదు. కోస్తాలో జల్లులు పడునని రేడియో చెప్పినపుడు విజయనగరము రైతును, యర్రగొండపాలెము రైతును ఒకే మాట విందురు. వారి నేలలు మాత్రము ఒకటి కావు. కనుక ఇచ్చటివాడు రాయలసీమకు చెప్పిన మాటను కూడ చెవినిడుట మేలు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇటీవలి సంవత్సరములలో మండలముల వారీగా వడగాడ్పుల పట్టికల నిచ్చుచుండుట ఈ కొరతను కొంత తీర్చినది.

వేసవి గాలివాన పుట్టుక నెరుగుట కష్టము కాదు. ఉదయమునుండి కాగిన నేల తనపైనున్న గాలిని వేడిచేయును. తేలికయైన ఆ గాలి పైకి లేచును. బంగాళాఖాతమునుండి వచ్చిన తేమ దానితో కలిసినచో, పైకి పోవుకొలది చల్లబడి మేఘమగును. దక్కనుమీదినుండి వీచు పొడిగాలియు, సముద్రమునుండి వచ్చు తడిగాలియు ఎదురుపడు చోట ఈ లేచుట మరింత బలపడును. కొండల అంచులు కూడ తోడ్పడును. అట్లు పెరిగిన మేఘము పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తును మించిపోవును. దాని లోపల మంచుపలుకులును మెత్తని వడగండ్లును రాచుకొనుటవలన విద్యుత్తు వేరుపడి పిడుగగును. వానతో క్రిందికి దిగు చల్లగాలి నేలను తాకి నలుదిక్కుల పరచుకొనును. వానకు ముందు దుమ్ము రేపి, చెట్లను వంచి, రేకులను ఎగురగొట్టు గాలి అదియే.

దీని నంతయు రాడారు చూచునుగదా యని కొందరి నమ్మకము. మచిలీపట్నము రాడారునకు యర్రగొండపాలెము రమారమి 200 కిలోమీటర్ల దూరమున నున్నది. భూమి గుండ్రని దగుటచేతను, కిరణమును కొంచెము పైకెత్తి పంపుటచేతను, అంత దూరము చేరునప్పటికి ఆ కిరణము నేలకు నాలుగు కిలోమీటర్ల ఎత్తున పోవుచుండును. అనగా రాడారు చూచునది మేఘము పైభాగమును. నేలపై పడు చినుకును కాదు. పటముపై ఎర్రని చుక్క కనబడినంతమాత్రమున ఊరిలో వాన కురిసినట్లు కాదు. ఈ పరిమితి నెరుగకుండ చెప్పు జోస్యమునకు మూల్యము చెల్లించువాడు రైతు. కల్లములో మిర్చి ఆరబోసియున్న దినములలో వాన తథ్యమని విన్నవాడు కూలి పెట్టి కాయనంతయు ఎత్తించును; వాన రాదని విన్నవాడు విడిచిపెట్టును. మొదటివానికి కూలి దండుగ. రెండవవానికి పంటయే దండుగ కావచ్చును. కావున అభిమాని తన అంచనాతోపాటు దాని బలమెంతయో కూడ చెప్పవలెను. "రావచ్చును" అను చోట "వచ్చును" అనుట ఒక్క అక్షరము తేడా కాదు.

ఇంతవరకు ఉరుము మాట. ఉరుమునకు ఒక గుణము కలదు. అది తన రాకను తానే చాటును. మెరుపు మెరిసిన పిదప ఉరుము వినబడువరకు లెక్కించి, మూడు సెకనుల కొక కిలోమీటరు చొప్పున దూరమును గుణించవచ్చునని ఎనిమిదవ తరగతి బాలుడైనను చెప్పగలడు. అట్లయ్యు అది ప్రాణములు తీయుచునే యున్నది. 2018 ఏప్రిల్ 24న పదుమూడు గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశములో 36,749 పిడుగులు నమోదైనవి, తొమ్మండుగురు మరణించిరి. పొలములో పనిచేయువారు, పశువులను మేపువారు వానకు జడిసి చెట్టుక్రింద చేరుటయే అనేక మరణములకు కారణము. ఉరుము వినబడెననగా పిడుగు పడగల దూరములోనే యున్నామని గ్రహించి, చెట్టును విడిచి పక్కా ఇంటిలోనికి పోవలెను. పూణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారి "దామిని" వంటి ఏర్పాట్లు ఫోనుద్వారా ముందుగా హెచ్చరించుచున్నవి.

ఎండకు అట్టి గుణము లేదు. అది గర్జింపదు, మెరయదు. ఛాయాచిత్రమునకు అందదు. 2003 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశములోనే వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైరి. ఆ మే నెలలో బంగాళాఖాతమున ఒక తుఫాను తిరుగాడినది. అట్టి తుఫాను ఉత్తరముగా సాగినపుడు తేమను తనవైపు లాగుకొని, తన పడమటి ప్రక్కను వాయవ్యపు పొడిగాలిని తెలుగునేలమీదికి తెచ్చును. తుఫాను తప్పినదని తీరమువారు ఊపిరి పీల్చుకొను దినములే మెట్టసీమకు గండము కావచ్చునన్నమాట. మరల 2015 మే నెలలో దేశమునందు రెండువేలకు పైగా మరణించగా, వారిలో అధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశము, తెలంగాణములవారే. చనిపోయినవారిలో ఎండలో కూలిచేయువారును, వృద్ధులును పెక్కుమంది. ఒక గాలివాన ఇంతమందిని పొట్టనబెట్టుకొని యున్నచో దానికొక పేరుండెడిది, ఏటేట తలచుకొనెడివారు. వడగాడ్పునకు పేరు లేదు.

అభిమానుల చర్చలో ఎండ ప్రస్తావన లేకపోలేదు. కాని అది తరచుగా పోటీగా మారుచున్నది. రెంటచింతలలో ఎంత, మార్కాపురములో ఎంత, నేడు రాష్ట్రములో ప్రథమస్థానము ఏ ఊరిది అని లెక్కలు వేయుదురు. అంకె పెరిగినకొలది ఉత్సాహము పెరుగును. ఆ అంకె దేనిని కొలచుచున్నదో ఆలోచించువారు తక్కువ. వాతావరణశాఖ లెక్క ప్రకారము మైదానములలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలైనను చేరి, సాధారణముకంటె 4.5 డిగ్రీలు మించినపుడు, లేదా 45 డిగ్రీలను తాకినపుడు వడగాడ్పు. 47 డిగ్రీలైనచో తీవ్రమైన వడగాడ్పు. ఈ ఉష్ణోగ్రతను నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడు తెల్లని చెక్కపెట్టెలో, నీడపట్టున కొలుతురు. శాస్త్రమునకు అదియే సరియైన పద్ధతి. కాని చెరువులో మట్టి తవ్వు కూలివాడు ఆ పెట్టెలో నిలువబడి తవ్వుట లేదు. అతని నెత్తిన ఎండ, పాదములక్రింద కాలిన నేల. 43 డిగ్రీలని పత్రికలో చదివినవానికి అతడు భరించినది తెలియదు.

మరియొక సంగతి. శరీరము చెమట ఆరుటవలననే చల్లబడును. సాయంకాలము గాలివాన కురిసి నేల తడిసిన మరునాడు, గాలిలో తేమ పెరిగి చెమట ఆరదు. ఉష్ణమాపకము రెండు మూడు డిగ్రీలు తగ్గినను దేహమునకు బాధ తగ్గకపోవచ్చును. రాత్రియు వేడి తగ్గనిచో అలసిన శరీరమునకు తేరుకొను వ్యవధియే దొరకదు. వాన పడినది, ఎండ గండము గడచినదని సంతోషించువారు ఈ మాటను మనసునం దుంచుకొనవలెను. గాలివానయు వడగాడ్పును ఒకే వేసవి బిడ్డలు. ఒకటి వచ్చిన రెండవది పోవునను నియమము లేదు.

ఈ విషయము బడులకు దగ్గర సంబంధము గలది. మార్చి నడుమ నుండి ఒంటిపూట బడులు నడచును. పిల్లలను ఎండనుండి కాపాడుటయే దాని ఉద్దేశము. అయితే మధ్యాహ్నము పండ్రెండున్నరకు బడి విడిచినపుడు సూర్యుడు నడినెత్తిననే యుండును. పల్లెనుండి నడచివచ్చు బాలిక ఆ వేళనే తారుబాట పట్టి ఇంటికి పోవలెను. ఒకపూట బడి వలన ఆమె తరగతిగది ఉక్కను తప్పించుకొని ఎండను కొనితెచ్చుకొనుచున్నది. బడి విడుచు వేళను ఇంకను ముందునకు జరుపుటయో, దూరపు పిల్లలను ఎండ తగ్గువరకు నీడలో నుంచుటయో, ఏది మేలో ఊరూర ఉపాధ్యాయులే నిర్ణయించుట ఉచితము. అహమదాబాదు నగరము 2010 నాటి వడగాడ్పుల అనుభవముతో 2013లో ఎండలకొక కార్యప్రణాళిక నేర్పరచుకొన్నది. నగరమునకు సాధ్యమైనది పల్లెబడికి చిన్నపాటి రూపములోనైనను అసాధ్యము కాదు.

జోస్యము చెప్పు బాధ్యత ప్రభుత్వశాఖదేయని, తక్కినవారు నోరు మూసికొనుట మేలని కొందరందురు. ఆ వాదము నిలువదు. అంచనా వేయుటకు శాఖ కలదు. కాని ఊరిలో ఏమి జరిగినదో చెప్పుటకు ఊరివాడు కావలెను. కొండ మడుగున పాలుట్ల చెంచుగూడెములో పడిన వాన యర్రగొండపాలెము బజారులో పడకపోవచ్చును. ఆ తేడాను ఉపగ్రహము కంటె ఒక సీసా బాగుగా చెప్పగలదు. నిలువు గోడలుగల పాత్రను మైదానములో నుంచి, ప్రతి ఉదయము ఎనిమిదిన్నరకు అందులోని నీటి లోతును కొలిచిన, అదియే ఆనాటి వర్షపాతము. ఒక మిల్లీమీటరు వాన యనగా చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరని తెలిసినపుడు పిల్లలకు గణితమును ప్రకృతిశాస్త్రమును ఒక్కచోటనే అబ్బును.

మార్కాపురము పలకలకు పేరుగన్న ఊరు. ఆ పలకనే ఒకదానిని ప్రతి బడి వాకిట వ్రేలాడదీసి, నీడలో ఉష్ణోగ్రత, నిన్నటి వాన, ఉరుము వినబడిన వేళ అను మూడు సంగతులు వ్రాసి, ఒక పుస్తకములో ఎక్కించుచుండినచో పదియేండ్లలో ఈ సీమకు తనదైన చరిత్ర యొకటి ఏర్పడును. ఎండలు ముదిరిన మే నెలలో సెలవులు గదా యను చిక్కు వాస్తవమే. అందుకే ఆ పనిని బడికి సమీపమున నున్న పిల్లలకు వారమున కొకరి చొప్పున అప్పగింపవలెను. సెలవులలో ఆగిపోవు లెక్క ఎండల లెక్క కానేరదు.

గుండ్లకమ్మపై కంభము చెరువును విజయనగరకాలపువారు కట్టించిరి. అంతర్జాతీయ నీటిపారుదల సంఘము 2020లో దానిని ప్రపంచ వారసత్వ నిర్మాణముగా గుర్తించినది. దానిని కట్టినవారికి రాడారు లేదు, ఉపగ్రహము లేదు. మరునాటి వానను వారు చెప్పలేకపోయిరి. రాని వానకు మాత్రము సిద్ధపడిరి. నేటి అభిమానులకు చెప్పు శక్తి వచ్చినది. సిద్ధపరచు బుద్ధి కూడ దానికి తోడు కావలెను. వచ్చువారము 45 డిగ్రీలని తెలిసినవాడు ఆ మాటతో నిలిచిపోక, కూలిపని తెల్లవారుజాముననే ముగింపుడని మేస్త్రీకి, ఒంటరి ముసలివారి ఇంట కుండలో నీరున్నదో లేదో చూడుడని ఇరుగుపొరుగునకు, వడదెబ్బ తగిలి సొమ్మసిల్లినవానిని నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, విసరుచు వెంటనే ఆస్పత్రికి తీసికొనిపొండని, స్పృహలేనివాని నోట నీరు పోయవలదని పదుగురికి చెప్పవలెను. ఉరుము తనను గూర్చి తానే చెప్పుకొనును. ఎండ తరఫున మనుష్యులే చెప్పవలసి యున్నది.