సూది ఫోన్ల కొచ్చింది, జవాబు చెప్పెటోడు ఏడున్నడు?

2026 మార్చితోని మన దేశంల సెమాగ్లుటైడ్ మందు పేటెంట్ గడువు తీరింది. బరువు తగ్గేటందుకు వారానికో సూది తీసుకుంటరే, ఆ మందే ఇది. ఒకే కంపెనీ చేతుల ఉన్నన్ని దినాలు పెద్దోళ్ల ముచ్చట అనుకున్నం. పేటెంట్ పోతె పది కంపెనీలు చేస్తయి, ధర దిగుతది, ఊరూరికి వస్తది. రావాలె కూడా. మందు అగ్గువ కావొద్దని ఎవ్వలంటరు?

ఇగ లగ్గాల సీజన్ దగ్గరవడ్తె సాలు, ఫోన్ల రీల్స్ మొదలైతయి. ఎత్తు, బరువు నింపు, పైసలు కొట్టు, డాక్టర్ చీటీ రాస్తడు, సూది ఇంటికే వస్తది అంటరు. "అన్నా, తీసుకోవచ్చా?" అని తమ్ముళ్లు, చెల్లెండ్లు నన్నడుగుతున్నరు. నేను డాక్టర్‌ను కాదు, తీసుకో అననూ, వద్దు అననూ. నాదొక్కటే సవాల్: ఆ చీటీ రాసినోడు ఎవ్వడు, రేపు తేడా వస్తే జవాబు చెప్పేది ఎవ్వడు?

ముందుగాల మందు సంగతి. ఇది దొంగ మందు కాదు. 2021ల అచ్చయిన పెద్ద పరీక్షల 1,961 మంది ఉన్నరు. 68 వారాలకు, సూది తీసుకున్నోళ్ల బరువు సగటున 14.9 శాతం తగ్గింది. ఉత్త సూది తీసుకున్నోళ్లకు 2.4 శాతమే. కాని బంద్ చేసినంక ఏడాది తిరిగేసరికి, తగ్గినదాంట్ల మూడింట రెండొంతులు మళ్ల వచ్చింది. అంటే లగ్గం దాంక తీసుకొని ఇడిసిపెట్టే ముచ్చట కాదు, ఏండ్ల లెక్క.

ఎవ్వలికి వడితె వాళ్లకు రాసేది కూడా కాదు. బరువును ఎత్తుతోని లెక్కగట్టే బీఎంఐ 30 ఉండాలె, లేకుంటె 27 ఉండి దానితోపాటు బీపీ, షుగర్ అసొంటి రోగం ఉండాలె. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి 30 అంటె సుమారు 82 కిలోలు. 62 కిలోలుండి, లగ్గం ఫొటోల సన్నగ కనవడాలనుకునే చెల్లెకు ఈ మందు రాయనే రాయొద్దు. ఇంట్ల ఎవ్వలికన్నా ఒక తీరు థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే తీసుకోవద్దు. కడుపుతోని ఉండాలనుకుంటె రెండు నెలల ముందే ఆపాలె. లగ్గమైన కొత్తల గీ మాట చెల్లెను ఎవ్వలడుగుతరు? ఫారం అడుగుతదా?

గిదంత అమెరికాల మనకన్న ముందు నడిచింది, జర అటు సూద్దాం. అక్కడ డాక్టర్‌కు దేశానికంత ఒక్క లైసెన్సు ఉండది, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తది. ఫోన్ల వైద్యానికి మూల సూత్రం ఏందంటే, డాక్టర్ ఏడున్నడని చూడరు, రోగి ఏడున్నడో చూస్తరు. మన కరీంనగర్ పిలగాడు టెక్సస్‌ల ఉండి, న్యూజెర్సీ డాక్టర్‌తోని వీడియోల మాట్లాడితె, ఆ డాక్టర్‌కు టెక్సస్ అనుమతి ఉండాలె. తప్పు జరిగితే ఆ పిలగాడు టెక్సస్ మెడికల్ బోర్డుకే అర్జీ పెట్టుకుంటడు. 2017ల టెక్సస్ చట్టం మార్చి, మొదలు ఎదురుంగ చూడకున్నా వీడియోతోని వైద్యం చెయ్యొచ్చన్నది. కాని ఎదురుంగ చూసినప్పుడు ఎంత బాధ్యత ఉంటదో, వీడియోల చూసినా అంతే ఉంటదని రాసింది.

గంత పక్కగ రాసుకున్నా సందు దొరికింది. మందుకు కొరత వచ్చినప్పుడు మందులు కలిపే ఫార్మసీలు నకలు తయారుచేసినయి. ఫోన్ల వైద్యం చేసే కంపెనీలు దాన్ని ఇండ్లకు పంపినయి. కొలత పెట్టి ఉన్న పెన్ను కాదు, సీసా, సిరంజి. డాక్టర్ చెప్పేది మిల్లీగ్రాములల్ల, సిరంజి మీద గీతలు యూనిట్లల్ల. కొందరు రాసినదానికి 5 నుంచి 20 రెట్లు ఎక్కువ ఎక్కించుకున్నరని, దవాఖానల పడ్డరని 2024 జులైల అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. సిరంజి పట్టుడు చూపించెటోడు ఎదురుంగ లేకుంటె గట్లైతది. మన దేశంల కూడా బరువు తగ్గే సూది సీసాలల్ల అమ్ముతున్నరు, యాదుంచుకోండ్రి.

మన కానూన్ ఏమంటదో చూద్దాం. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు తెచ్చింది. దాని ప్రకారం రిజిస్టరైన డాక్టర్ దేశంల ఏ మూలకెళ్లయినా, ఏ మూలనున్న రోగినైనా చూడొచ్చు. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలె. జలుబు గోలి అసొంటివి ఎట్లనైనా రాయొచ్చు గాని, లిస్ట్ ఏ అనే జాబితల మందులు మొదటిసారి రాయాలంటె వీడియోల మనిషిని చూడాలె. కృత్రిమ మేధ యంత్రం సొంతంగ సలహా ఇయ్యొద్దు, మందు రాయొద్దు. అంటె ఫారం నింపంగనే వచ్చే చీటీకి ఇలువ లేదు.

ఈడ మన పల్లెలకు ఒక తిరకాసు ఉన్నది. గా మార్గదర్శకాలల్ల డాక్టర్‌ను ఆర్‌ఎంపీ అని రాసిన్రు. అక్కడ దాని అర్థం మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్ల పేరున్న డాక్టర్ అని. మన ఊర్లల్ల ఆరెంపీ అంటే ఎవ్వరు? బండి మీద సంచి పెట్టుకొని వచ్చి సూది ఏసిపొయ్యే పెద్దమనిషి. "ఆరెంపీ సలహాతోనే ఇస్తం" అని యాప్‌ల రాస్తే మనోళ్లకు ఏమర్థమైతది? ఒక్క మాటకు రెండర్థాలుంటె నడుమ మునిగేది పేదోడే.

ఇంకో కానూన్ 1954ది. రోగాలను మాయ జేస్తమని మందులు ప్రచారం చేసుడును ఆపే చట్టం. దాని పట్టీల ఊబకాయం పేరున్నది. అంటే ఫలానా మందుతోని లావు తగ్గుతదని జనాలకు ప్రకటన ఇచ్చుడే నేరం. మొదటిసారి దొరికితె ఆరు నెలల దాంక జైలు ఉండొచ్చు. ఇగ రీల్స్ చేసే ఇన్‌ఫ్లుయెన్సర్లు గీ సంగతి సదువుకుంటె మంచిది.

నేను ఫోన్ల వైద్యానికి పగోన్ని కాదు. ఈ-సంజీవని పుణ్యాన పైసా ఖర్చు లేకుండ పెద్ద డాక్టర్‌తోని మాట్లాడొచ్చు. ఆదిలాబాద్ తండాల అవ్వకు హైదరాబాద్ బస్ కిరాయి మిగులుతది. లోపం ఏడుందంటె, డాక్టర్ దేశమంత తిరుగుతడు, ఫిర్యాదు మాత్రం తిరుగది. రాసినోడు ఏ రాష్ట్ర రిజిస్టర్ల ఉంటే ఆ కౌన్సిల్ తలుపు కొట్టాలె. ములుగు పిలగాడు ఎవ్వల భాషల అర్జీ రాస్తడు, ఎన్నిమాట్ల తిరుగుతడు?

అందుకే నేనడిగేది రెండు. ఒకటి, ఫోన్ల వైద్యంతోని దెబ్బతిన్నోడి ఫిర్యాదును తెలంగాణ మెడికల్ కౌన్సిలే తెలుగుల తీసుకోవాలె. డాక్టర్ ఏ రాష్ట్రపోడైనా, ఆ కాయితం అక్కడిదాంక పంపి జవాబు తెప్పించే బాధ్యత కౌన్సిల్ మీదనే ఉండాలె. రెండు, మన ఔషధ నియంత్రణ శాఖ మెడికల్ షాపుల మీద దాడులు చేసినట్టే, వీడియో చూపు లేకుండ సూదులు పంపే యాప్‌ల మీద కూడా పడాలె.

గవి వచ్చేదాంక మీ చేతుల ఉన్న పని ఇది. పైసలు కట్టకముందే డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడుగుండ్రి, కౌన్సిల్ వెబ్‌సైట్ల ఎతుకుండ్రి. దొరకకుంటె అక్కడికే బంద్. వీడియోల మొఖం చూపియ్యమనండ్రి. పీహెచ్‌సీల తూకం, బీపీ, షుగర్ పైసల్లేకుండ చూస్తరు, ఆ కాయితం చేతుల పట్టుకొనే మాట్లాడుండ్రి. వాంతులు ఆగకుంటె, కడుపుల నొప్పి ఈపు దాంక కొడితె యాప్‌ల మెసేజ్ పెట్టి ఎదురుచూడకుండ్రి, దవాఖానకు ఉరుకుండ్రి.

లావున్నోన్ని ఎక్కిరించే లోకం ఇది, ఆ ఎక్కిరింతనే యాపారం జేసుకుంటున్నది. నీ పెయ్యిల పొయ్యే సూదికి, రాసినోడి పేరు అడిగే హక్కు నీకున్నది. అడిగితె కోపమొచ్చెటోడు డాక్టర్ కాదు తమ్మీ, దుకాణపోడు.