పొయ్యిలో గ్యాసూ, పొలంలో గ్యాసూ

మా బావగారికి నామీద ఒక శాశ్వతమైన ఫిర్యాదు ఉంది. గ్యాసు పొయ్యిమీద కాచిన కాఫీ తాగుతూ గ్యాసు కంపెనీలను తిడతానట. ఆయన ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మనిషి రిటైరయ్యారుగాని, ఆయనలోని ఇంజనీరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. దేశంలో ఎక్కడ గొయ్యి తవ్వుతున్నారన్నా ఆయన మొహం చాటంత అవుతుంది. ఎక్కడ ఎవరు తవ్వొద్దన్నా ఆ పూట భోజనం సహించదు.

మొన్న పుష్యమాసంలో తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనకు వెళ్ళి, పనిలో పనిగా మన్నార్‌గుడి రాజగోపాలస్వామిని కూడా దర్శించుకుని వచ్చాను. వచ్చినవాణ్ణి ప్రసాదం పెట్టి ఊరుకోవచ్చుగదా! "ఆ ఊరి రైతులు మీథేను బావుల్ని రానివ్వలేదట బావగారూ, భేష్!" అన్నాను. అంతే. ప్రసాదం చేతిలోనే ఉండిపోయింది. యుద్ధం మొదలైంది.

"ఊళ్ళో నాలుగు బావులు తవ్వితే వీళ్ళ సొమ్మేం పోయిందోయ్? బొగ్గులో ఊరికే పడివున్న గ్యాసు. దేశం విదేశాలనుంచి డాలర్లు పోసి కొనుక్కుంటోంది. ఇలాంటి వాళ్ళవల్లే మనం బాగుపడనిది!" అన్నారాయన.

సంగతేమిటో పాఠకులకు ముందు విన్నవించాలి. కావేరీ డెల్టా కింద, చాలా లోతున, లిగ్నైట్ పొరలున్నాయి. ఆ పొరల్లో మీథేను వాయువు పట్టుకుని ఉంటుంది. దాన్ని తీయడానికి 2010లో కేంద్రం ఒక ప్రైవేటు కంపెనీతో ఒప్పందం చేసుకుంది. దాని పేరు మన్నార్‌గుడి బ్లాకు. తంజావూరు, తిరువారూర్ జిల్లాల్లో 600 చదరపు కిలోమీటర్లకు పైన భూమి. 2011 జనవరిలో తమిళనాడు ప్రభుత్వమూ ఆ కంపెనీతో కాగితాలమీద సంతకం పెట్టింది. భూమి ఎవరిదో ఆ రైతులకు మాత్రం ఆ తరవాతగాని విషయం పూర్తిగా తెలిసిరాలేదు. పెళ్ళికొడుక్కి చెప్పకుండా పెళ్ళి కుదిర్చినట్టు!

ఆ నేలతో మనకేం చుట్టరికమని అడక్కండి. రాజగోపాలస్వామి తంజావూరు నాయకరాజులు కొలిచిన దేవుడు. మన్నారు అంటే ఆయనే. విజయరాఘవ నాయకుడు తాను మన్నారుదాసుణ్ణని చెప్పుకున్నాడు. రంగాజమ్మ తెలుగులో 'మన్నారుదాస విలాసం' రాసింది. త్యాగరాజు పుట్టింది తిరువారూరులో, పాడుకున్నది తిరువయ్యారులో. మన పాట ఆ నీళ్ళు తాగి పెరిగింది. కనుక ఆ నీళ్ళ సంగతి మాట్లాడే హక్కు నాకూ కొంచెం ఉందనుకుంటాను.

ఇక ఆ గ్యాసు ఎలా తీస్తారన్నది అసలు ప్రశ్న. దీనికి ఇంజనీరింగు చదవక్కర్లేదు, గోళీసోడా తాగితే చాలు. సోడాబుడ్డిలో గ్యాసు నీళ్ళలోనే ఉంటుంది, బయటికి రాదు. ఎందుకని? లోపల ఒత్తిడి ఉంది, పైన గోళీ బిగిసి ఉంది. గోళీని లోపలికి నొక్కామంటే ఒత్తిడి పోయి బుస్సుమని పొంగుతుంది. బొగ్గు పొరలోనూ అంతే. అక్కడ గోళీ చేసే పని నీళ్ళు చేస్తాయి. పొరల్లో నిండివున్న నీటి ఒత్తిడివల్లే గ్యాసు బొగ్గును అంటిపెట్టుకుని ఉంటుంది. గ్యాసు కావాలంటే ముందు ఆ నీటిని తోడెయ్యాలి. ఒక బిందె, రెండు బిందెలు కాదు. ఒక బావి కాదు, పది బావులూ కాదు. నెలల తరబడి తోడాలి. తోడిన నీళ్ళు తరచు ఉప్పగా ఉంటాయి, పొలానికి పనికిరావు. వాటిని ఎక్కడ పొయ్యాలి? డెల్టాలో పల్లంకానిచోటు ఎక్కడుంది? కాలవలో పోస్తే కాలవ చెడుతుంది, చేలో పోస్తే చేను చెడుతుంది.

రెండోది అంతకన్న గట్టి భయం. డెల్టా అంటే సముద్రం గుమ్మంలో కూచున్న నేల. భూమిలో మంచినీళ్ళు నిండుగా ఉన్నంతకాలం ఉప్పునీరు బయటే ఆగుతుంది. మంచినీరు తగ్గిందా, అది పిలవని పేరంటంలా లోపలికి వచ్చేస్తుంది. వచ్చిందాన్ని మళ్ళీ పంపడం ఎవరితరమూ కాదు. ఇదంతా రైతుల ఊహ అనకండి. దగ్గర్లోనే నైవేలి ఉంది. అక్కడ లిగ్నైట్ గని అడుగునుంచి పైకి తన్నుకొచ్చే నీటిని రాత్రింబవళ్ళు తోడుతూ ఉంటేగాని గని పని సాగదు. నీళ్ళకూ లిగ్నైటుకూ మధ్య స్నేహం ఎలాంటిదో ఆ ప్రాంతంవాళ్ళు కళ్ళారా చూస్తున్నారు.

"సరేనోయ్, బెంగాల్లో రాణీగంజ్ దగ్గర 2007 నుంచీ ఇదే గ్యాసు వ్యాపారంగా తీస్తున్నారు. ఎవరి కొంప మునిగింది?" అన్నారు బావగారు. ఆయన దగ్గర అస్త్రాలకు కొదవలేదు.

రాణీగంజ్ రెండువందల ఏళ్ళకు పైగా బొగ్గు తవ్వుతున్న గనుల సీమ. మన్నార్‌గుడి చోళులనాటినుంచి వరి పండిస్తున్న సీమ. ఒకచోట చేసిన పని ఇంకోచోట చెయ్యొచ్చని ఎవరన్నారు? మంగలి కత్తి మంచిదేగదా అని దాంతో కూరలు తరుగుతామా? నేను దేశంలో ఎక్కడా గ్యాసు తియ్యొద్దనడంలేదు. సముద్రమట్టానికి బెత్తెడు ఎత్తున, నీటిమీద తేలినట్టుండే ధాన్యాగారం నడుమ వద్దంటున్నాను.

ఇక నా కాఫీ సంగతి. బావగారి బ్రహ్మాస్త్రం అదే గనక దానికీ సమాధానం చెప్పాలి. అయ్యా, నా వంటింట్లో సిలిండరులో ఉన్నది మీథేను కాదు. అది ప్రొపేనూ బ్యూటేనూ కలిసిన ఎల్పీజీ. బొగ్గుపొరలో దొరికే సరుకు వేరు. ఈ ముక్క అనేసరికి ఇంజనీరుగారు ఒక్క క్షణం తగ్గారు. కాని న్యాయం చెప్పుకోవాలి. పట్నాల్లో గొట్టాలద్వారా వంటింటికి వచ్చే గ్యాసు మీథేనే. ఎరువుల కార్ఖానాకీ అదే కావాలి. దేశానికి కావలసిన గ్యాసులో సుమారు సగం బయటినుంచి వస్తోందన్నదీ నిజమే. అవసరం లేదనను. అయితే గ్యాసు కొనుక్కోవచ్చు, ఎండలోంచి కరెంటు తియ్యొచ్చు, పేడలోంచి కూడా మీథేను పుట్టించవచ్చు. ఉప్పెక్కిన భూగర్భజలానికి మారు ఏ దేశంలో కొంటారు? గ్యాసుబావి ఆయుష్షు పాతిక, ముప్ఫై ఏళ్ళు. ఆ చేను ఆయుష్షు వేల ఏళ్ళు. తాతలనాటి గేదెను అమ్మి ఒక పూట విందు చేసుకున్నవాణ్ణి లోకం ఏమంటుందో అందరికీ తెలుసు.

"చదువులేని రైతులు భయపడతారు, నిపుణులకు తెలుసు" అన్న మాట ఒకటి ఎప్పుడూ వినబడుతుంది. ఆ ఊళ్ళు తిరిగి చెప్పినవాడు చదువులేనివాడా? నమ్మాళ్వార్ వ్యవసాయశాస్త్రం చదివిన మనిషి. తెల్లగడ్డం, ఆకుపచ్చ తలగుడ్డ. డెబ్భై అయిదేళ్ళ వయసులో మీథేనుకు వ్యతిరేకంగా ఊరూరూ తిరుగుతూ, 2013 డిసెంబరు 30న పట్టుక్కోట్టై దగ్గర పల్లెలో కన్నుమూశాడు. అయినా నిపుణులంటే మనకు గౌరవమే. వాళ్ళను మనం అడిగేది ఒకే ఒక్కటి. నష్టం లేదని నిరూపించవలసింది తవ్వేవాడా, నష్టం ఉందని నిరూపించవలసింది తాగేవాడా? మందు అమ్మేవాడు విషం కాదని చూపించాలిగాని, తాగి చచ్చి విషమని చూపించమని రోగిని అడుగుతారా?

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పుకోవాలి. మాది కోనసీమ. గ్యాసు సంగతి మాకు పుస్తకాల్లో చదవక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలినప్పుడు రెండు నెలలకు పైగా మంట ఆరలేదు. రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లాజెల్లాతో ఇళ్ళొదిలి వెళ్ళారు. ఇన్ని చూసినవాళ్ళం, తరవాతేం చేశాం? మా కొబ్బరితోటలోంచి గొట్టం వేస్తామని మనుషులు వచ్చారు. మా అన్నదమ్ములం అరుగుమీద కూచుని గంటసేపు బేరమాడాం. సెంటుకెంత? చెట్టుకెంత? కాపుకొచ్చినదానికెంత, కాపులేనిదానికెంత? బేరం కుదిరింది. మజ్జిగ తాగి వెళ్ళారు. ఆ గొట్టం ఎన్నాళ్ళు పనికొస్తుంది, దాన్ని ఎన్నాళ్ళకోసారి చూస్తారు, తుప్పు పడితే ఎవరితో చెప్పుకోవాలి? ఈ ప్రశ్న మాలో ఒక్కడూ అడగలేదు. నేను అడగలేదు. చదువుకున్నవాణ్ణని పేరుపెట్టుకున్న నేనే అడగలేదు.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గొట్టంలోంచి కారిన గ్యాసు మంచులా ఊరిమీద పరుచుకుంది. ఎక్కడో నిప్పు తగిలింది. ఇరవైమందికి పైగా పోయారు. మాడిపోయిన కొబ్బరిచెట్లు మొండి స్తంభాల్లా చాలాకాలం నిలబడే ఉన్నాయి. అది మా తోట గొట్టం కాదు. కాని ఆ చెట్లను చూసినప్పుడల్లా మా అరుగుమీద బేరం నాకు గుర్తొస్తుంది. చెట్టుకెంత అని అడిగాంగదా, మనిషికెంత అని అడగడం మరిచిపోయాం.

మన్నార్‌గుడివాళ్ళకూ మాకూ తేడా అదీ. మేము ధర అడిగాం, వాళ్ళు ప్రశ్న అడిగారు. ధర అడిగినవాణ్ణి లోకజ్ఞానం ఉన్నవాడంటారు. ప్రశ్న అడిగినవాణ్ణి అభివృద్ధి నిరోధకుడంటారు. వాళ్ళు ఆ బిరుదు మోశారు. 2013లో ప్రభుత్వం పని ఆపి నిపుణుల కమిటీ వేసింది. 2015 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం డెల్టాలో బొగ్గుపొరల మీథేను వద్దే వద్దంది.

"అయిపోయిందిగదా, ఇంకా గొడవేమిటి?" అంటారు బావగారు. అయిపోతే ఈ వ్యాసం రాయవలసిన పనేముంది? 2017లో అదే గ్యాసు హైడ్రోకార్బన్లనే కొత్త పేరుతో పుదుక్కోట జిల్లా నెడువాసల్‌కు వచ్చింది. ఊరు ఊరంతా చెట్టుకింద కూచుంది. 2020 జనవరి 16న కేంద్రం ఒక నోటిఫికేషన్ తెచ్చింది. చమురూ గ్యాసూ వెతికే బావులకు పర్యావరణ అధ్యయనమూ అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదని దాని సారాంశం. వినడం కష్టంగా ఉందని చెవులు తీసి గూట్లో పెట్టినట్టన్నమాట! జనం మళ్ళీ లేచారు. నెల తిరక్కుండా రాష్ట్ర ప్రభుత్వం డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించి, ఆ ఫిబ్రవరిలోనే చట్టం చేసింది. ఆ చట్టానికీ కన్నాలున్నాయి. అప్పటికే నడుస్తున్న బావుల్ని అది ముట్టుకోలేదు. 2023 ఏప్రిల్లో డెల్టాలోనూ దాని పక్కనూ ఉన్న మూడు లిగ్నైట్ బ్లాకులు వేలం జాబితాలో కనిపించాయి. మళ్ళీ గగ్గోలు. కొద్ది రోజుల్లోనే జాబితాలోంచి తీసేశారు.

చూశారా? కంపెనీ ఒక్కసారి ఔననిపించుకుంటే చాలు, ముప్ఫై ఏళ్ళు పని జరిగిపోతుంది. రైతు మాత్రం ప్రతిసారీ వద్దనాలి. ఒక్కసారి నోరు నొప్పెట్టి ఊరుకున్నాడా, అదే అంగీకారమవుతుంది. ఇంత అన్యాయమైన ఆటలో ఇన్నిసార్లు గెలిచినవాళ్ళను వెర్రివాళ్ళనడానికి నాకు నోరు రాదు.

చివరికి బావగారిని ఆయన దేవుడిపేరుతోనే పట్టుకున్నాను. ఇంజనీర్లకు దేవుడెవరు? కాటన్ దొర! "ధవళేశ్వరం ఆనకట్ట కట్టకముందు కాటన్ ఎక్కడ పనిచేశాడు బావగారూ?" అన్నాను.

"కావేరిమీద. కరికాలచోళుడి కల్లణై చూసే, ఇసకలో పునాది ఎలా నిలబెట్టాలో నేర్చుకున్నాడు. ఆ పాఠంతోనే 1852 నాటికి మన గోదావరిని కట్టాడు" అన్నారాయన, కళ్ళు మెరుస్తూ.

"అయితే మనం తినే అన్నానికి పాఠం ఆ నేలే చెప్పింది. ఆ అన్నాన్ని కాపాడుకునే పాఠం కూడా అక్కడే నేర్చుకుంటే తప్పేమిటండీ?"

బావగారు మాట్లాడలేదు. చల్లారిన కాఫీ లోపలికి పంపి, మళ్ళీ వెచ్చబెట్టించమన్నారు. తరవాత నెమ్మదిగా, "మీ తోటలో గొట్టం వేసి ఎన్నేళ్ళయిందోయ్?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు ఇవాళ్టికీ నా దగ్గర సరైన జవాబు లేదు. కాగితం ఎక్కడో పెట్టెలో ఉంది. దాంట్లో సెంటుకెంతో రాసి ఉంది. రేపు ఊరెళ్ళి వెతికి తీస్తాను. తుప్పు సంగతి అడుగుతూ ఒక ఉత్తరం రాస్తాను. జవాబు రాకపోతే ఇంకోటి రాస్తాను.