మూత తీయండి... మనిషిని దించకండి!

వంటింటి సింక్‌లో నీళ్లు నెమ్మదిగా దిగుతుంటాయి. ‘రేపు చూద్దాంలే’ అనుకుంటారు. వారం తిరిగేసరికి బాత్‌రూమ్ జాలీలోంచి మురుగు పైకి తన్నుకొస్తుంది. అదీ సరిగ్గా చుట్టాలొచ్చిన రోజే! ఇక హడావుడి మొదలు. ఎవరో ఒకరిని పిలిచి, ‘ఎంతైనా ఇస్తాం, దిగి తీసెయ్’ అంటారు. అక్కడే ఆగాలి. డ్రైనేజీ ఎక్కడ పూడిందో కనిపెట్టడానికి మనిషి లోపలికి దిగక్కర్లేదు. పైనుంచే తెలుస్తుంది.

అడ్డం ఎక్కడ?

ఒక్క సింకే మొరాయిస్తుంటే తప్పు చాలావరకు దాని కిందున్న వంపు గొట్టానిదే. కింద బకెట్ పెట్టి మర విప్పితే జిడ్డు, మెతుకులు, టీపొడి ముద్దగా బయటపడతాయి.

సింకు, బాత్‌రూమ్, లెట్రిన్ అన్నీ ఒకేసారి నిండుతున్నాయా? అయితే బయటి లైను చూడాలి. ఇంటి దగ్గర్నుంచి రోడ్డు వైపు ఛాంబర్ల మూతలు వరసగా తీయండి. ఒకటి నిండి, దాని తర్వాతది ఖాళీగా ఉంటే అడ్డం ఆ రెండింటి మధ్య పైపులోనే. ప్లంబర్ పైనుంచే వెదురు బద్దతోనో, స్ప్రింగు వైరుతోనో పొడిచి తీసేస్తాడు. మూత తీయగానే తల వంచి చూడొద్దు. అగ్గిపుల్ల అసలే గీయొద్దు. చివరి ఛాంబర్ దాకా అన్నీ నిండి ఉంటే వీధి మ్యాన్‌హోల్ పూడి ఉండొచ్చు. అది మున్సిపాలిటీ పని. హైదరాబాద్‌లో అయితే జలమండలికి 155313 నంబరుకు ఫోన్ చేయాలి.

ఒకేచోట పదేపదే పూడుతుంటే పైపు కుంగిందో, చెట్టు వేరు చొరబడిందో అయ్యుంటుంది. గచ్చు పగలగొట్టే ముందు పైపులోకి చిన్న కెమెరా పంపి చూసేవాళ్లుంటే పిలిపించండి.

యాసిడ్ వద్దు

సీసాడు యాసిడ్ ఒంపితే పనైపోతుందనుకుంటారు. బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులకు ముప్పు. పైగా ఆ తర్వాత గొట్టం విప్పేవాడి చేతులు కాలతాయి. ఇక వాడని బాత్‌రూమ్‌లో కంపు కొడితే జాలీ కింద ట్రాప్‌లో నీళ్లు ఆరిపోయి ఉండొచ్చు. రెండు చెంబుల నీళ్లు పోసి చూడండి.

ప్రాణం మీదకొచ్చే పని

సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి లారీతో లాగించాలి. లోపల పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన కోడిగుడ్డు వాసన. మోతాదు బాగా పెరిగితే ముక్కుకు ఆ వాసనే తెలియదు. ‘కంపు లేదుగా’ అని దిగినవాడు క్షణాల్లో కూలిపోవచ్చు. కాపాడబోయి వెంట దిగినవాళ్లదీ అదే గతి.

రక్షణ పరికరాలు ఇవ్వకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇంటి యజమానికీ మినహాయింపు లేదు. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మురుగు పనుల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

లారీ రావడం రెండ్రోజులు ఆలస్యమైతే ఇబ్బందే. తక్కువకే దిగి తీస్తానని ఎవరైనా ముందుకొస్తారు కూడా. వద్దనండి. అతని కోసం ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లుంటారు.