అమెరికా ఎమ్మెస్ కూడా వలసే!

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఉద్యమ కాలంలో తెలంగాణ బతుకును చెప్పడానికి ఈ మూడు మాటలు చాలేవి. సింగరేణి గనిలోకి దిగినోడు, పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కినోడు, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి ఎడారి దేశం పోయినోడు... ముగ్గురిదీ ఒకటే గోస. పుట్టిన గడ్డ మీద పని లేదు. ఆ వరసలో నాలుగో పేరు చేర్చాల్సిన రోజు వచ్చింది. అది అమెరికా.

అమెరికా పోవుడు వలస ఎట్లయితది, అది హోదా కదా అని కొందరు అడుగుతారు. ఒకప్పుడు హోదానే. ఉస్మానియాలోనో, వరంగల్ ఆర్ఈసీలోనో ర్యాంకు కొట్టి, అక్కడి విశ్వవిద్యాలయమే ఫీజు భరిస్తే విమానమెక్కిన తరం ఉంది. ఇయ్యాల పోయేవాళ్లలో చాలామంది వాళ్ల పిల్లలు కారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఇంజనీరింగ్ చదివిన రైతుల, ఆర్టీసీ కండక్టర్ల, చిన్న ఉద్యోగుల పిల్లలు. స్కాలర్‌షిప్ మీద కాదు, అప్పు మీద పోతున్నారు. అప్పు చేసి, భూమి కుదువబెట్టి, ఊరిడిచి పోయేదాన్ని మన భాషలో వలస అనే అంటారు.

లెక్క చూద్దాం. 2014 జూన్‌లో తెలంగాణ వచ్చిన నాడు డాలరు 60 రూపాయల దగ్గర ఉంది. 2025 డిసెంబర్‌లో 90 దాటింది. ఏడాదికి 20 వేల డాలర్ల ఫీజు అప్పుడు 12 లక్షలు, ఇప్పుడు 18 లక్షలు. రెండేండ్ల చదువు, కిరాయి, తిండి కలిపితే ఎంతయితదో తండ్రులకు తెలుసు. ప్రభుత్వ బ్యాంకులో సాధారణంగా ఏడున్నర లక్షలు దాటితే పూచీగా ఆస్తి అడుగుతారు. ఆస్తి లేనోడు ఎక్కువ వడ్డీకి ప్రైవేటు ఫైనాన్సు గడప తొక్కుతాడు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఇచ్చే ఓవర్సీస్ విద్యానిధి పథకాలు మంచివే. కానీ డాలరు పెరిగిన కొద్దీ ఆ 20 లక్షలు చిన్నగైపోతున్నాయి.

అప్పు ఇక్కడ, తీర్చాల్సిన సంపాదన అక్కడ. ఆ సంపాదన ఎవరి చేతిలో ఉంది? ఎఫ్1 వీసా మీద చదివేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయాలి. బయట హోటల్లోనో పెట్రోలు బంకులోనో చేస్తే వీసా షరతులు తప్పినట్టే. చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు, టెక్నాలజీ చదివినోళ్లకు మరో 24 నెలలు పని చేసుకోవచ్చు. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి కొలువు లేకుండా ఉంటే ఆ అవకాశమూ పోతుంది. ఆ తర్వాత హెచ్1బి. ఏటా 65 వేలు, అక్కడి మాస్టర్స్ చదివినోళ్లకు ఇంకో 20 వేలు. ప్రపంచమంతా పోటీపడేది ఈ 85 వేల కోసమే. 2025 సెప్టెంబర్‌లో ఆ దేశం బయట ఉన్నోళ్ల కోసం వేసే కొత్త హెచ్1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. చదువైపోయి ఇంటికొచ్చిన పిల్లగాడిని అంత కట్టి మళ్లీ పిలిచే కంపెనీ ఎన్నోది? అదే ఏడు ఏప్రిల్‌లో వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు రాత్రికి రాత్రి రద్దు చేశారు. చిన్న చిన్న కారణాలు చూపారు. కోర్టులకు పోతేగాని తిరిగి ఇవ్వలేదు. ఇంటి పట్టా ఇక్కడి బ్యాంకులో ఉంటే, బతుకు పట్టా అక్కడి ఆఫీసులో ఉంది.

ఈ భయాన్నే సరుకు చేసుకున్న దళారులున్నారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. క్లాసులు లేకుండా ఫీజులు గుంజిన దుకాణమది. చదువుతున్నోళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2014లో దాని అధినేతకు పదహారేండ్లకు పైగా జైలు పడింది. అయినా పాఠం నేర్వలేదు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. అది అమెరికా ప్రభుత్వమే వలగా పెట్టిన ఉత్తుత్తి కాలేజీ. మొదటి విడతలోనే దాదాపు 130 మంది విద్యార్థులను పట్టుకున్నారు. వాళ్లను చేర్పించిన ఎనిమిది మందికి అక్కడ శిక్షలు పడ్డాయి. ఆ ఎనిమిది మందీ తెలుగు పేర్లవాళ్లే. మన పిల్లలను ముంచడానికి పరాయివాడు రావాల్సిన అవసరం లేకపోయింది!

మరి ఇక్కడి దళారుల సంగతేంది? గల్ఫ్‌కు కూలీలను పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. విద్యార్థులను పంపే కన్సల్టెన్సీకి ఆ చట్టం వర్తించదు. అమీర్‌పేటలో ఒక గది, రెండు కంప్యూటర్లు, గోడ మీద స్వేచ్ఛాదేవి బొమ్మ ఉంటే చాలు. బ్యాంకులో లేని సొమ్మును ఉన్నట్టు చూపిస్తామంటారు, లేని అనుభవానికి కాగితం పుట్టిస్తామంటారు. దొరికితే దేశంలో అడుగుపెట్టకుండా వెనక్కి పంపేది పిల్లగాడినే. కమీషన్ తిన్నోడు ఇంకో బ్యాచ్‌కు కౌన్సెలింగ్ మొదలుపెడతాడు.

ఇంత తెలిసీ ఎందుకు పోతున్నారు? ఈ ప్రశ్నను పిల్లలను కాదు, పాలకులను అడగాలె. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం కొట్లాడినం. 610 జీవో 1985లో వచ్చి అమలుకు నోచుకోనందుకు రోడ్డెక్కినం. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌కు ట్యాంక్‌బండ్ చేరినోళ్లలో విద్యార్థులు ఎంతమందో మనకెరుక. రాష్ట్రం వచ్చింది. తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ రావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. వచ్చిన పరీక్ష పేపరు లీకై 2023 మార్చిలో రద్దయింది. మళ్లీ పెట్టింది అదే ఏడు సెప్టెంబర్‌లో కోర్టులో నిలవలేదు. 2024 నాటికి మన విశ్వవిద్యాలయాల్లో సగానికి పైగా అధ్యాపక కొలువులు ఖాళీ. ఫీజు బకాయిల కోసం 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలే తాళాలు వేసుకున్నాయి. బకాయి సర్కారుది, సర్టిఫికెట్ ఆగేది పిల్లగాడిది. ఇట్లాంటి చోట ఇరవై రెండేండ్లోడు విమానం దిక్కు చూడక ఏం చేస్తడు?

పోవద్దని మేం చెప్పడం లేదు. న్యూజెర్సీలో, డల్లాస్‌లో ఉన్న మనోళ్లు ఉద్యమానికి గొంతు కలిపిండ్రు, బతుకమ్మ ఆడి తెలంగాణ పేరు అక్కడ నిలిపిండ్రు. ఆ రుణం మరువం. కానీ ఇష్టంతో పోవుడు వేరు, దిక్కులేక పోవుడు వేరు.

అందుకే మా డిమాండ్లు సూటిగా చెప్తున్నం. పంజాబ్ 2012లో ట్రావెల్ ఏజెంట్లకు, కన్సల్టెన్సీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. అట్లాంటిది, అంతకంటే గట్టిది ఇక్కడా కావాలె. ఏ విశ్వవిద్యాలయం నుంచి కమీషన్ వస్తుందో కన్సల్టెన్సీ రాతపూర్వకంగా చెప్పాలె. విద్యానిధి డాలరు ధరకు తగ్గట్టు పెరగాలె, సెమిస్టర్ ఫీజు గడువుకు ముందే చేరాలె. గల్ఫ్ కార్మికుడికైనా, అమెరికా విద్యార్థికైనా ఆపదొస్తే పలికే ఒక ప్రభుత్వ కార్యాలయం హైదరాబాద్‌లో ఉండాలె. అన్నిటికంటే ముందు ఉస్మానియా, కాకతీయలో ఖాళీలు నిండాలె, కొలువుల క్యాలెండర్ తప్పకుండా నడవాలె.

ఉద్యోగ సంఘాలకు ఒక మాట. సకల జనుల సమ్మెలో మీరు 42 రోజులు జీతాలు వదులుకున్నది ఈ పిల్లల కోసమే. ఇప్పుడు వాళ్ల కోసం ఒక్క తీర్మానం చేయండి. విద్యార్థి సంఘాలకు ఇంకో మాట. దళారుల బోర్డుల ముందు ధర్నా చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తెలంగాణ వస్తే వలసలు ఆగుతాయని ఊరూరా చెప్పినం. ఆ మాట నిలబెట్టుకునే బాధ్యత మనదే.