మాల్దీవుల బఫేలో ఉల్లిపాయ ఎవరిది?

2024 ఏప్రిల్ మొదటి వారంలో భారత ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో మాల్దీవులకు ఏ సరుకు ఎంత ఎగుమతి చేయవచ్చో అందులో ఉంది. 42.75 కోట్ల కోడిగుడ్లు, 1.24 లక్షల టన్నుల బియ్యం, 1.09 లక్షల టన్నుల గోధుమ పిండి, 64,494 టన్నుల పంచదార, 35,749 టన్నుల ఉల్లి, 21,513 టన్నుల బంగాళదుంప, 224 టన్నుల పప్పు. వీటికి తోడు ఇసుక, కంకర 10 లక్షల టన్నుల చొప్పున. 1981లో ఈ కోటా పద్ధతి మొదలయ్యాక ఇంత పెద్ద కేటాయింపు ఎప్పుడూ లేదు.

ఆ నోటిఫికేషన్ వచ్చిన సమయమే విచిత్రం. అప్పటికి మన దేశంలో ఉల్లి ఎగుమతిపై నిషేధం నడుస్తోంది. నాసిక్ రైతులు ధర పడిపోయిందని ఆందోళన చేస్తున్నారు. మరోవైపు, భారత సైనిక సిబ్బందిని వెనక్కి పంపుతానని చెప్పి గెలిచిన మహమ్మద్ ముయిజ్జు మాలెలో అధ్యక్షుడిగా ఉన్నారు. మాల్దీవులను బహిష్కరించాలన్న పిలుపు మన సోషల్ మీడియాలో ఇంకా చల్లారలేదు. అయినా ఉల్లి, గుడ్డు ఆగలేదు. ఎందుకు ఆగలేదో తెలియాలంటే ఆ దీవుల్లోని రిసార్టుల భోజనశాల లెక్క చూడాలి.

ఒక దీవి, ఒక రిసార్టు

మాల్దీవుల్లో పర్యాటకం 1972లో మొదలైంది. మాలె సమీపంలో తెరిచిన తొలి రిసార్టు పేరు కురుంబ. ధివేహి భాషలో కొబ్బరిబోండం అని అర్థం. అప్పటి నుంచి ఆ దేశం పట్టుకున్న సూత్రం ఒకటే: జనం లేని దీవిని ఒక్క రిసార్టుకు లీజుకివ్వడం. సుమారు 1,200 పగడపు దీవుల్లో జనం నివసించేవి 200 లోపే కాబట్టి ఈ పద్ధతి సాధ్యమైంది.

ఈ సూత్రం వల్ల అతిథికి ఏకాంతం దొరికింది. అదే సమయంలో భోజనానికి మరో దిక్కు లేకుండా పోయింది. గోవాలోనో పుదుచ్చేరిలోనో హోటల్ తిండి నచ్చకపోతే వీధి చివర మరో చోటికి వెళ్లవచ్చు. ఇక్కడ వీధి చివర సముద్రమే. రిసార్టులో విడిగా తింటే బిల్లుపై 10 శాతం సర్వీస్ చార్జీ, 2025 జులై నుంచి 17 శాతం పర్యాటక జీఎస్టీ పడతాయి. వంద డాలర్ల భోజనానికి పాతిక డాలర్ల పైనే అదనం. అందుకే చాలామంది ముందుగానే అన్నీ కలిపిన ప్యాకేజీ, అంటే ఆల్ ఇన్‌క్లూజివ్ తీసుకుంటారు. పైకి అది విలాసంలా కనిపిస్తుంది కానీ ఒంటరి దీవిలో అది ఖర్చుకు ముందే వేసుకునే కట్టడి.

ఈ పద్ధతి మాల్దీవుల్లో పుట్టింది కాదు. 1950లో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో గుడారాలతో మొదలైన ఫ్రెంచి సంస్థ క్లబ్ మెడ్ దీన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. ఒకసారి డబ్బు కట్టేస్తే సెలవు ముగిసేదాకా పర్సు తీయనక్కర్లేదన్నది దాని ఆకర్షణ. యజమానికీ ఇందులో లాభమే. ఎంతమంది తింటారో ముందే తెలుస్తుంది. బఫేకు వడ్డించేవాళ్లు తక్కువ మంది చాలు. మూడు పూటలకు డబ్బు కట్టి రెండు పూటలే తినేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

డాలరు ఎక్కడ ఆగుతుంది?

అసలు చిక్కు ఆ డబ్బు ఎక్కడ కడతారన్న దగ్గర ఉంది. ప్యాకేజీ చాలాసార్లు అతిథి సొంత దేశంలోనో, ఏదో ఒక ఆన్‌లైన్ ఏజెన్సీ ద్వారానో అమ్ముడవుతుంది. రిసార్టు యాజమాన్యం విదేశీ గొలుసు సంస్థది అయితే ఆ డబ్బులో పెద్ద భాగం మాలె బ్యాంకు ముఖం చూడకుండానే ఉండిపోవచ్చు. అతిథి దీవికి వచ్చాక చేతి నుంచి డబ్బు తీసే సందర్భాలు తక్కువ. పర్యాటక ఆర్థికశాస్త్రంలో దీన్ని లీకేజీ అంటారు. భోజనం దీవిలో జరుగుతుంది. చెల్లింపు మరెక్కడో జరుగుతుంది.

2024 ఈ వైరుధ్యాన్ని బయటపెట్టింది. ఆ ఏడాది మాల్దీవులకు 20 లక్షలకు పైగా పర్యాటకులు వచ్చారు. అంతకుముందు ఎన్నడూ అంతమంది రాలేదు. అదే ఏడాది ఆ దేశం డాలర్ల కొరతతో సతమతమైంది. అక్టోబరులో ముయిజ్జు ఢిల్లీ వచ్చినప్పుడు భారత్ 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల కరెన్సీ మార్పిడి సదుపాయం ఇచ్చింది. అదే నెలలో మాల్దీవుల కేంద్ర బ్యాంకు కొత్త నిబంధన తెచ్చింది: పర్యాటక ఆదాయం దేశీయ బ్యాంకుల్లోకి రావాలి, పెద్ద రిసార్టులు ఒక్కో పర్యాటకుడికి 500 డాలర్ల చొప్పున స్థానిక కరెన్సీలోకి మార్చాలి. రిసార్టుల యజమానుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. గదులు నిండుతున్నా ఖజానా ఎందుకు నిండడం లేదన్న ప్రశ్నకు ఆ ప్రభుత్వం వెతుక్కున్న జవాబు ఇది.

ఆ డాలర్లు ఎందుకంత అవసరం? తిండి కొనడానికి.

దీవిలో పండేది ఎంత

పగడపు ఇసుకలో వరి పండదు. గోధుమ పండదు. తొడ్డూ లాంటి కొన్ని దీవుల్లో పుచ్చకాయ, బొప్పాయి బాగా పండుతాయి. కొబ్బరి, అరటి, చిలగడదుంప ఉన్నాయి. సముద్రంలో ట్యూనా ఉంది. మాల్దీవుల జాలర్లు దాన్ని వలతో కాక గేలం కర్రతో ఒక్కొక్కటిగా పట్టడంలో ప్రసిద్ధులు. ఇంతకు మించి దాదాపు ప్రతిదీ ఓడలోనో విమానంలోనో రావాల్సిందే.

అక్కడివారి ఉదయపు ఫలహారం మస్ హునినే చూడండి. ట్యూనా, కొబ్బరి కోరు, ఉల్లి, మిరప, నిమ్మరసం కలిపి రోషి అనే రొట్టెతో తింటారు. చేప, కొబ్బరి సొంతవి. ఉల్లి, రొట్టెకు కావాల్సిన పిండి పరాయివి. జాతీయ వంటకంలోనే పొరుగుదేశం కలిసిపోయి ఉంది.

కోటాలోని సరుకంతా రిసార్టుల కోసమేనని అనుకుంటే పొరపాటు. 2022 జనగణన ప్రకారం మాల్దీవుల్లో ఉండేవారు 5.15 లక్షల మంది. అందులో దాదాపు నాలుగో వంతు విదేశీయులు, ప్రధానంగా వలస కార్మికులు. ఏడాదికి 20 లక్షల పర్యాటకులు, ఒక్కొక్కరు సగటున వారం పైచిలుకు అనుకుంటే, ఏ రోజు చూసినా అతిథులు 40 వేల మంది చిల్లర మాత్రమే. అంటే మనం పంపే బియ్యం, గుడ్లలో అధికభాగం తినేది స్థానికులు, కార్మికులే. పైగా కోటా అనేది గరిష్ఠ పరిమితి. అంతా కొని తీరాలని లేదు. 42.75 కోట్ల గుడ్లను అక్కడున్న వారందరికీ పంచితే మనిషికి రోజుకు రెండేసి వస్తాయి.

రిసార్టు బఫేలో ప్రత్యేకంగా కనిపించేవి వేరే దారిలో వస్తాయి. నార్వే సాల్మన్, ఆస్ట్రేలియా మాంసం, ఐరోపా చీజ్, వైన్. జనావాస దీవుల్లో మద్యం నిషిద్ధం. రిసార్టులకు మాత్రం లైసెన్సుపై దిగుమతి చేసుకునే వీలుంది. ఇలా ఒకే దేశంలో రెండు వంటిళ్లు నడుస్తున్నాయి. రెండింటికీ సరుకు చేరవేసేది మాత్రం ఒకే రకం పడవ. మనం దోనె అన్నట్టే వాళ్లు దాన్ని ధోని అంటారు. రెండు వంటిళ్ల సరుకుకూ డాలర్లు రావాల్సింది పర్యాటకుడి జేబులోంచే. ప్యాకేజీ డబ్బు విదేశంలో ఆగిపోతే దాని దెబ్బ బఫేకు తగలదు, మాలెలోని కుటుంబం కొనుక్కునే బియ్యానికి తగులుతుంది.

కోపం వచ్చినా ఆగని సరుకు

2024 జనవరిలో ప్రధాని మోదీ లక్షద్వీప్ పర్యటన ఫొటోలపై ముగ్గురు మాల్దీవుల ఉపమంత్రులు అవమానకరమైన వ్యాఖ్యలు చేసి సస్పెండ్ అయ్యారు. మన దగ్గర బుకింగ్‌లు రద్దయ్యాయి. 2023లో 2.09 లక్షల మందితో మొదటి స్థానంలో ఉన్న భారత పర్యాటకులు 2024లో సుమారు 1.3 లక్షలకు తగ్గి ఆరో స్థానానికి పడిపోయారు. కానీ ఆ ఖాళీని చైనా, రష్యా, ఐరోపా పర్యాటకులు పూరించారు. మొత్తం సంఖ్య పెరిగింది.

ముయిజ్జు ప్రభుత్వం కూడా వంటింటి వైపు నుంచే స్వతంత్రం వెతికింది. ఒకే దేశంపై ఆధారపడకూడదంటూ తుర్కియే నుంచి నిత్యావసర సరుకులు తెప్పించుకునే ఒప్పందాన్ని జనవరిలోనే ప్రకటించింది. మూడు నెలలు తిరక్కుండా భారత్ కోటాకు కృతజ్ఞతలు చెప్పింది. కారణం భావజాలం కాదు, దూరం. గుడ్డు, ఉల్లి, బంగాళదుంప ఎక్కువ రోజులు నిలవవు. తూత్తుకుడి రేవు నుంచి మాలె దగ్గర. ఇస్తాంబుల్ నుంచి చాలా దూరం.

భారత్ వైపూ లెక్క ఉంది. మన ఉత్పత్తితో పోలిస్తే 35 వేల టన్నుల ఉల్లి చాలా స్వల్పం. దాన్ని ఆపినందువల్ల హైదరాబాద్ మలక్‌పేట మార్కెట్‌లో ధర కదలదు. మాలెలో మాత్రం గొడవ అవుతుంది. 2014 డిసెంబరులో మాలె నీటిశుద్ధి కేంద్రంలో మంటలు లేచి నగరానికి తాగునీరు కరవైనప్పుడు భారత్ విమానాల్లో, నౌకాదళ ఓడలో నీళ్లు పంపింది. అవసరానికి అందే పొరుగువాడిగా సంపాదించుకున్న ఆ పేరును ఉల్లిపాయల కోసం పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. పర్యాటకులు సొంత ఇష్టంతో మానుకోవచ్చు. ఆహారం ఆపడం మాత్రం ప్రభుత్వం చేయకూడని పని. ఢిల్లీ ఈ తేడాను గుర్తించింది. 2025 జులైలో మోదీ మాల్దీవుల స్వాతంత్ర్య దినోత్సవానికి ముఖ్య అతిథిగా మాలె వెళ్లేంతగా సంబంధాలు తేరుకోవడంలో ఈ సంయమనం పాత్ర ఉంది.

బిల్లులో కనిపించనివి

అన్నీ కలిపిన ధరలో కలవనివి కొన్ని ఉన్నాయి. తాగే నీళ్లు, గిన్నెలు కడిగే నీళ్లు సముద్రపు నీటిని శుద్ధి చేసినవే. అందుకు డీజిల్ కాలాలి. బఫే నిండుగా కనిపించాలంటే చివరి అతిథి లేచే వరకూ పళ్లేలు నింపుతూనే ఉండాలి, మిగిలింది చెత్తే. మాలె చుట్టుపక్కల చెత్త కోసం తిలఫుషి అనే మడుగునే పూడ్చి దీవిగా మార్చారు. అక్కడ బహిరంగంగా తగలబెట్టడాన్ని 2021లో గానీ ఆపలేదు. ప్రభుత్వం 2025 జనవరి నుంచి రిసార్టు అతిథిపై పర్యావరణ పన్నును రోజుకు 6 డాలర్ల నుంచి 12 డాలర్లకు పెంచింది.

వండి వడ్డించే వారిలో బంగ్లాదేశ్, భారత్, శ్రీలంక, నేపాల్ యువకులు ఎక్కువ. రిసార్టులోనే వేరు వసతి, వేరు భోజనశాల. స్థానిక మహిళలు ఈ ఉద్యోగాల్లో చాలా తక్కువ. నెలల తరబడి ఇల్లు వదిలి మరో దీవిలో ఉండాల్సి రావడం అందుకు ఒక ప్రధాన కారణం.

2009 తర్వాత జనావాస దీవుల్లో గెస్ట్‌హౌస్‌లకు అనుమతి ఇవ్వడం మంచి మలుపు. మాఫుషి లాంటి దీవుల్లో ఇప్పుడు పర్యాటకుడు వీధిలోని కెఫేలో తింటాడు. ఉల్లిపాయ అక్కడా దిగుమతిదే. కానీ భోజనం డబ్బు ఆ ఇంటివాళ్ల చేతికి వస్తుంది. ఆ ఇంటి ఆడవాళ్లు ఇల్లు విడవకుండా పని చేయగలుగుతారు. దిగుమతిని తగ్గించలేకపోయినా డబ్బు దీవిలో నిలిచే మార్గం ఇది.

లక్షద్వీప్ ముందున్న ప్రశ్న

ఇదంతా పరాయి దేశం గొడవ కాదు. మాల్దీవులకు బదులు లక్షద్వీప్ అన్న నినాదం 2024లో మన దగ్గరే మోగింది. అంతకు ఏడాది ముందే సుహేలి, కద్మత్ దీవుల్లో తాజ్ రిసార్టులు కడతామని టాటా గ్రూపునకు చెందిన హోటల్ సంస్థ ప్రకటించింది. లక్షద్వీప్ మొత్తం విస్తీర్ణం 32 చదరపు కిలోమీటర్లు. 36 దీవుల్లో జనం ఉండేవి 10. జనాభా 2011 లెక్కల ప్రకారం 64 వేల పైచిలుకు. బియ్యం, కూరగాయలు ప్రధానంగా కొచ్చి నుంచి ఓడలో వస్తాయి. వానాకాలంలో ఆ ఓడలకే ఆటంకాలు.

అక్కడా చేప, కొబ్బరి తప్ప మిగతాదంతా బయటి సరుకే. డాలర్ల సమస్య ఉండదు, దేశం ఒకటే కాబట్టి. మిగిలిన ప్రశ్నలన్నీ ఉంటాయి. ఓడలో చోటు చాలనప్పుడు ముందు దిగేది రిసార్టు సరుకా, రేషను బియ్యమా? ట్యూనాను స్థానిక జాలరి దగ్గర కొంటారా, కొచ్చి నుంచి శీతలీకరించిన పెట్టెలో తెస్తారా? వంటింట్లో ఉద్యోగం ఎవరికి? మిగిలిన అన్నం ఎక్కడికి పోతుంది?

వీటికి జవాబులు లీజు ఒప్పందంలోనే రాసుకోవాలి. స్థానిక కొనుగోలుకు ఇంత శాతం, స్థానిక ఉద్యోగాలకు ఇంత, చెత్త వెనక్కి తీసుకెళ్లే బాధ్యత రిసార్టుదే అని ముందే ఖాయం చేయాలి. మాల్దీవులు పర్యాటకం మొదలుపెట్టిన యాభై ఏళ్ల తర్వాత డాలర్ల కోసం నిబంధనలు రాసుకుంటూ యజమానులతో పేచీ పడుతోంది. లక్షద్వీప్‌లో పునాది రాయి పడకముందే ఆ పని చేసే అవకాశం మనకు ఉంది.