డాఫ్నియా కదిలితే చాలా?

మాగ్నెటిక్ నానోపార్టికల్స్ మీద ఏ పోస్టర్ ప్రెజెంటేషన్ చూసినా చివర్లో "నాన్ టాక్సిక్, ఎకో ఫ్రెండ్లీ" అని ఒక లైన్ ఉంటుంది. నా అభ్యంతరం ఆ లైన్ మీదే.

ఐడియా మంచిదే. మాగ్నెటైట్ అనే ఐరన్ ఆక్సైడ్‌ని నానోమీటర్ల సైజులో తయారుచేసి నీళ్లలో కలిపితే ఆర్సెనిక్, సీసం లాంటివి దానికి అంటుకుంటాయి. తర్వాత అయస్కాంతంతో లాగేయొచ్చు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం తేలక, తాగే నీళ్లనే అనుమానిస్తూ బతికే ఊళ్లు మనవి. నీళ్లు శుభ్రం చేసే టెక్నాలజీ వద్దని నేనెందుకంటాను? కానీ అయస్కాంతానికి దొరక్కుండా మిగిలిన రేణువులు ఎక్కడికి పోతాయి? గెడ్డలోకి, చెరువులోకే కదా.

అందుకే చిన్న నీటి జీవుల మీద టెస్ట్ చేస్తారు. ఎక్కువగా వాడేది డాఫ్నియా. చూడ్డానికి పురుగులా ఉంటుంది కానీ రొయ్యకి దూరపు చుట్టం. ఓఈసీడీ 202 గైడ్‌లైన్ ప్రకారం, పుట్టి ఒక రోజు కూడా నిండని పిల్లల్ని డోసుకి కనీసం 20 చొప్పున 48 గంటలు ఉంచుతారు. గిన్నెని మెల్లగా కదిపాక 15 సెకన్లలో ఈదలేకపోతే కదలిక పోయినట్టే లెక్క. సగం జీవులు అలా ఆగిపోయే డోసు పేరు ఈసీ50.

నేను సీఎస్‌ఈ. మా భాషలో ఇది ఒక్క టెస్ట్ కేసు. పాసైతే ప్రోగ్రామ్ క్రాష్ అవ్వలేదని తెలుస్తుంది, అంతే.

డాఫ్నియా నీటిని వడగట్టుకుని తింటుంది. దాంతోపాటే రేణువులు పేగులోకి చేరతాయి, ఒంటి పెంకుకీ అంటుకుంటాయి. రెండో రోజుకి అది బతికే ఉండొచ్చు. మరి పిల్లల్ని పెడుతుందా? అది తేల్చే టెస్ట్ వేరే ఉంది, 21 రోజులు పడుతుంది. ఇంకో చిక్కేంటంటే, ఉప్పు లవణాలున్న నీళ్లలో ఈ రేణువులు ముద్దకట్టి అడుగుకి దిగిపోతాయి. అప్పుడు పైన ఈదే జీవికి మనం కాగితం మీద రాసుకున్న డోసు అందనే అందదు. రిజల్ట్ మాత్రం "సేఫ్" అని వస్తుంది. అడుగున బురదలో బతికే నత్తల సంగతి ఎవరు చూస్తారు?

తేలినీలాపురం వచ్చే గూడబాతులు నౌపడ చిత్తడి నేలల్లో చేపలు తింటాయి. చేపపిల్లలు తినేది ఇలాంటి చిన్న జీవుల్నే. కింద తేడా వస్తే పైదాకా వస్తుంది.

నానో ప్రాజెక్టులు చేసే ఫ్రెండ్స్‌ని నేనడిగేది చిన్నదే. "నాన్ టాక్సిక్" అనే ఒక్క మాట బదులు ఏ జీవి, ఎన్ని గంటలు, ఎంత డోసు, రేణువు మీద ఏ కోటింగ్, ఏ నీళ్లు అన్నది రాయండి. ల్యాబ్ నీళ్లతో పాటు నాగావళి నీళ్లతోనో చంపావతి నీళ్లతోనో ఒకసారి చేసి చూడండి. 21 రోజుల టెస్ట్‌కి సెమిస్టర్‌లో టైమ్ లేదంటారా? అయితే ఆ టెస్ట్ చెయ్యలేదనే రాయండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.